సాయిసు సంతకం

క్యాంపుల్లో ఉన్న అన్నలారా, తమ్ముళ్ళారా, నేనూ మీలాగే పన్నెండేళ్ళు బంకు మంచం మీద పడుకున్నవాణ్ణే. 2001 నుంచి 2013 దాకా యు.ఏ.ఈ.లో గుర్రాల దగ్గర సాయిసు పని చేశాను. అంతకు ముందు ఆరేళ్ళు హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులో అదే పని. అరబ్బీలో కూడా గుర్రాలు చూసుకునేవాణ్ణి 'సాయిస్' అనే అంటారని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. భాష రాకపోయినా నా పని పేరు మాత్రం అందరికీ అర్థమయ్యేది.

ఇప్పుడు ఆరు నెలల విజిటర్ వీసా మీద కొడుకు దగ్గరికి అమెరికా వచ్చాను. ఊరి పేరు డబ్లిన్. ఐర్లండ్‌లో ఉన్న డబ్లిన్ కాదు, కాలిఫోర్నియాలోది. శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నుంచి వచ్చే లోకల్ రైలుకు ఆఖరి స్టేషను. మనవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, సాయంత్రం పార్కులో బెంచీ మీద కూర్చుంటే నాలుగు జిల్లాల యాస వినిపిస్తుంది. కొడుకు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, కోడలు ఆఫీసుకు వెళ్తుంది. నేను నడుస్తాను. నేను నడిచే దారి పేరు ఐరన్ హార్స్ ట్రెయిల్, అంటే ఇనుప గుర్రం బాట. పాత రైలు పట్టాలు తీసేసి ఆ జాగాలో వేసిన దారి అది. రైలును ఇనుప గుర్రం అనేవారట. గుర్రాల మీద వచ్చేవాళ్ళకూ ఆ దారిలో అనుమతి ఉంది. అలా ఒకరోజు ఒక ఎర్రగుర్రం ఎదురొస్తే, మా మనవరాలు "తాతా, నేను కూడా" అంది. అక్కడ మొదలైంది ఇదంతా.

మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఊరవతల కొండల్లో ఉన్న ఒక చిన్న గుర్రాల శాలలో వారానికి ఒక రోజు పాఠాలకు చేర్పించారు. మొదటి రోజే నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. గుర్రపుస్వారీ ప్రమాదకరమని మాకు తెలుసు, దెబ్బ తగిలినా ప్రాణం పోయినా శాల మీద దావా వేయము అని రాసి ఉంది. కోడలు చదివి నాకు తెలుగులో చెప్పింది. చివరి పేజీలో మా అబ్బాయి సంతకం పెట్టాడు. "ఇక్కడ ఈతకొలను దగ్గర కూడా ఇట్లాంటి కాగితమే నాన్నా, మామూలే" అన్నాడు.

సంతకం అనేసరికి నాకు కడుపులో ఏదోలా అయింది. ఎందుకో తర్వాత చెబుతాను.

అయిదో పాఠం రోజు నేనే వెంట వెళ్ళాను. పిల్లలు ఆరుగురు, పొట్టి గుర్రాలు అయిదు. శాలలో పని చేసే సాయిసు మెక్సికో అతను, నలభై ఏళ్ళుంటాయి. మనవరాలికి ఇచ్చిన బూడిదరంగు గుర్రాన్ని అతను నడిపించుకుంటూ తెస్తుంటే చూశాను. ముందరి ఎడమకాలు నేలకు ఆనినప్పుడల్లా తల పైకి లేస్తోంది. కుడికాలు ఆనినప్పుడు దిగుతోంది. ఇది తెలియాలంటే డాక్టరీ చదవక్కర్లేదు. నొప్పి ఉన్న కాలి మీద బరువు పడకుండా గుర్రం తల ఎత్తేస్తుంది. మలక్‌పేటలో నాకు మొదటి నెలలో నేర్పిన పాఠమే అది.

నేను ఏమీ అనలేదు. ఇంగ్లీషు రాదు. పైగా పరాయి ఊరు. పాఠం చెప్పే ఆవిడ శాల యజమానురాలు, అరవై దాటిన మనిషి, నలభై ఏళ్ళుగా ఇదే పనిలో ఉందట. ఆవిడకు తెలియదా, నాకేం తెలుసులే అనుకున్నాను. చేతులు కట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాను. పది నిమిషాల తర్వాత, నేల మీద పెట్టిన చిన్న దుంగను దాటేటప్పుడు గుర్రం ముందుకు తూలింది. పిల్ల మెడ మీదుగా జారి పడింది. మణికట్టు విరిగింది.

తలకు హెల్మెట్ ఉంది కాబట్టి అంతటితో పోయింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు. పిల్ల ఏడవలేదు. "గుర్రానికి దెబ్బ తగిలిందా తాతా?" అని అడిగింది. నేను మొహం చాటేశాను.

ఇక్కడ ఆపి పాత సంగతి చెప్పాలి.

2005 ఎండాకాలం. దుబాయికి గంటన్నర దూరంలో ఎడారిలో ఉన్న ఒక ఇస్తబల్ అది. దాని పేరు, ఎవరిదన్నది రాయను. మేము ఎనిమిది మంది తెలుగువాళ్ళం, కొందరు పాకిస్తానీలు, సూడాన్‌వాళ్ళు. తెల్లవారుజామున మూడున్నరకు పని మొదలు, ఎండ ఎక్కేలోపు గుర్రాలను తిప్పి తేవాలి. మాలో ఒకడు జగిత్యాల దగ్గరి ఊరివాడు, నాకంటే ఆరేళ్ళు చిన్న. అన్నా అనేవాడు. ఇద్దరిదీ ఒకే మంచం, కింద నేను, పైన వాడు.

ఒక మగగుర్రం ఉండేది, కాలు విసిరే అలవాటు. దాని గదిలోకి ఇద్దరు వెళ్ళాలి, ఒకడు పగ్గం పట్టుకోవాలి, ఇంకొకడు పని చేయాలి. అది అక్కడి రూలే. ఆ రోజు మనుషులు తక్కువ ఉన్నారు. ఫోర్‌మన్ వాణ్ణి ఒక్కణ్ణే వెళ్ళి కాలి పట్టీ విప్పమన్నాడు. వాడు ఇంకొకణ్ణి ఇమ్మని అడిగాడు. "జల్దీ, జల్దీ" అన్నాడు ఫోర్‌మన్. ఇది నా చెవులతో విన్నాను. వాడు లోపలికి వెళ్ళాడు. కడుపు మీద తన్నింది. దవాఖానకు చేరేలోపే పోయాడు.

రెండో రోజు రాత్రి మందూబ్ మా గదికి వచ్చాడు. అరబ్బీలో టైపు చేసిన కాగితం ఒకటి. "శవం తొందరగా ఇంటికి పోవాలంటే దీని మీద ముగ్గురు సాక్షులు సంతకం చేయాలి" అన్నాడు. ఏం రాసి ఉందని మాలో ఒకడు అడిగాడు. "అట్లనే జరిగింది అని రాసుంది" అన్నాడు. మొదటి సంతకం నాది. కింద ఇంకో ఇద్దరివి. శవం ఇరవై మూడో రోజున ఊరికి చేరింది. వాడి భార్యకు రెండు నెలల జీతం పంపారు. అంతే.

కేసు వేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మా అందరిదీ మజ్రా వీసా, అంటే తోటపని వీసా. అప్పటి యు.ఏ.ఈ. లేబర్ చట్టం 1980ది. అందులో ఇంటిపనివాళ్ళు, పొలంపనివాళ్ళు లేరు. కంపెనీ వర్కరు పనిలో చనిపోతే 24 నెలల మూల వేతనం ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది, కానీ మేము దాని లెక్కలోకి రాము. దియా రెండు లక్షల దిర్హాంలు రావాలంటే తప్పు ఇంకొకరిదని కోర్టు తేల్చాలి. తప్పు వాడిదేనని ముగ్గురు సాక్షులు రాసిచ్చాక కోర్టు ఏం తేలుస్తుంది? మన ప్రభుత్వం ప్రవాసీ బీమా పెట్టింది 2003 చివర్లో. వాడు వచ్చింది అంతకు ముందే. ఆ బీమా సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు చట్టాలు మారాయి. 2017లో ఇంటిపనివాళ్ళ కోసం అక్కడ చేసిన చట్టం జాబితాలో గుర్రాల సాయిసు పని పేరు కూడా చేర్చారు. 2021 లేబర్ చట్టంలో పనిలో చనిపోయినవారికి 24 నెలల మూల వేతనం, 18 వేల దిర్హాంలకు తగ్గకుండా, రెండు లక్షలకు మించకుండా అని ఉంది. ప్రవాసీ బీమా ఇప్పుడు పది లక్షల రూపాయలు. మీ పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. అయితే పాలసీ కాగితం ఎక్కడుందో ఈ రాత్రే వెతకండి, ఫోటో తీసి ఇంటికి పంపండి. గడువు అయిపోతే మళ్ళీ కట్టాలి.

మళ్ళీ డబ్లిన్‌కి వస్తాను.

మా అబ్బాయి ఆ రాత్రి నిద్రపోలేదు. లాయరును పెడతాను అన్నాడు. "సంతకం పెట్టినవు కదరా" అన్నాను. "పెడితే ఏంది నాన్నా, కోర్టు ఉంది" అన్నాడు. తెల్లారి ఒక లాయరుతో ఫోనులో మాట్లాడాడు. ఆ లాయరు ఒక పాత కేసు చెప్పాడట. నేను పదే పదే అడిగి చెప్పించుకున్నాను.

2006 నవంబరులో, ఇదే కాలిఫోర్నియాలో దక్షిణాన టెమెక్యులా అనే ఊళ్ళో గుర్రపు పోటీ. బయట మైదానంలో కదలని దుంగల కంచెలు కట్టి, వాటి మీదుగా దూకించే పోటీ. పదిహేడేళ్ళ అమ్మాయి. గుర్రం కాలు కంచెకు తగిలి పడింది, అమ్మాయి చనిపోయింది. కొన్ని వారాల ముందు ఇంకో పోటీలో ఆ గుర్రానికి దెబ్బ తగిలింది. దెబ్బ తిన్న గుర్రం మీద మా పిల్లను ఎందుకు ఎక్కనిచ్చావని తల్లిదండ్రులు కోచ్ మీద కేసు వేశారు. ఎరిక్సన్ కేసు అంటారు. కింది కోర్టు కొట్టేస్తే 2011లో అప్పీలు కోర్టు మళ్ళీ విచారించమంది. దెబ్బ తిన్న గుర్రం మీద పోటీకి పంపడం ఆటలో మామూలుగా ఉండే ప్రమాదాన్ని పెంచడమే కావచ్చు అంది. మళ్ళీ విచారణ జరిగింది. 2015లో ఆఖరి తీర్పు వచ్చింది. తల్లి పెట్టిన సంతకం చెల్లుతుంది, మామూలు నిర్లక్ష్యానికి కోచ్ బాధ్యత లేదు, ఘోరమైన నిర్లక్ష్యం అయితే కాగితం అడ్డు రాదు కానీ అది రుజువు కాలేదు అన్నారు. ఎనిమిదేళ్ళకు పైగా పట్టింది. పిల్ల పోయిన ఇంట్లో అన్నేళ్ళు ఆ ఫైలు ఉంది.

కోర్టు వద్దనేవాళ్ళు ఒక మాట అంటారు. కేసులు పెరిగితే బీమా పెరుగుతుంది, చిన్న శాలలు మూతపడతాయి, ఆటను ఆటవాళ్ళే బాగుచేసుకోవాలి అని. అది అబద్ధం కాదు. దుంగల మీద దూకే ఆ పోటీల్లోనే 1999లో బ్రిటన్‌లో ఒక్క ఏడాదిలో అయిదుగురు స్వారీలు చనిపోయారు. గుర్రం ముందుకాళ్ళు పైభాగం కంచెకు తగిలితే, నడ్డి పైకి లేచి మొత్తం గుర్రం పల్టీ కొట్టి మనిషి మీద పడుతుంది. అయిదు వందల కిలోల బరువు. అప్పుడు వాళ్ళే కమిటీ వేసుకున్నారు. తర్వాత దుంగను ఒక పిన్ను మీద నిలబెట్టే పద్ధతి వచ్చింది. గుర్రం గట్టిగా గుద్దితే పిన్ను విరిగి దుంగ కిందికి జారుతుంది, గుర్రం పల్టీ కొట్టదు. చిన్న పిన్ను. దాన్ని తెచ్చింది కోర్టు కాదు.

కానీ ఎవరూ చూడకపోతే తమంతట తాము మారేవాళ్ళు ఎంతమంది? 2015లో అబుదాబి దగ్గర అల్ వత్‌బాలో దూరపు పందెంలో ఒక గుర్రం ముందరి రెండు కాళ్ళూ విరిగాయి. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. నేను అప్పటికి ఇంటికి వచ్చేశాను. ఫోనులో ఆ ఫోటో చూసి చాయ్ తాగలేకపోయాను. మార్చిలో అంతర్జాతీయ గుర్రపు క్రీడల సంఘం యు.ఏ.ఈ. ఫెడరేషన్‌ను సస్పెండ్ చేసింది. జూలైలో షరతుల మీద ఎత్తేసింది. 2016లో దుబాయిలో జరగాల్సిన ప్రపంచ పోటీని స్లొవేకియాకు మార్చారు. ఫోటో లేకపోతే ఇంత జరిగేదా అంటే, నాకు నమ్మకం లేదు.

గుర్రానికి జరిగింది నాకు సంతోషమే. గుర్రం అంటే నాకు ప్రాణం. కానీ ఒక సంగతి చెబుతాను. కాలిఫోర్నియా రేసుకోర్సుల్లో చనిపోయిన ప్రతి గుర్రానికీ 1990 నుంచి పోస్టుమార్టం చేస్తున్నారు. ఇక్కడికి రెండు గంటల దూరం కూడా లేదు, డేవిస్ అనే ఊళ్ళో యూనివర్సిటీ ఉంది, అక్కడి డాక్టర్లు ఎముకలు కోసి చూస్తారు. అలా చూసి చూసి వాళ్ళు కనిపెట్టింది ఏమిటంటే, పందెంలో విరిగిన కాళ్ళలో చాలావాటికి ఆ ఎముకలో ముందే సన్నని పగుళ్ళు ఉన్నాయని. అంటే గుర్రం ముందే చెబుతుంది. కాస్త కుంటుతుంది, తల ఎత్తుతుంది, దాణా సరిగ్గా తినదు. వినేవాడు కావాలి. మా జగిత్యాల తమ్ముడికి పోస్టుమార్టం కాదు, ఒక కాగితం దొరికింది. దాని మీద నా సంతకం ఉంది.

డబ్లిన్ పక్కనే ప్లెజంటన్ ఊరు. అక్కడి సంతమైదానంలో 1858లో వేసిన మైలు రేసు ట్రాకు ఉంది. అంత పాత మైలు ట్రాకు అమెరికాలో ఇంకోటి లేదని ఇక్కడివాళ్ళు గొప్పగా చెబుతారు. కొడుకు కారులో తీసుకెళ్ళి చూపించాడు. 2025లో పందేలు జరగలేదు, ఖాళీగా ఉంది. ఆ ట్రాకు మీదే 2012 జూలై 5న హొర్హే హెరేరా అనే జాకీ గుర్రం మీంచి పడి చనిపోయాడు. ముప్పై మూడేళ్ళు. కంచె పట్టుకుని ఆ మట్టిని చూస్తూ కాసేపు నిలబడ్డాను.

కాలిఫోర్నియా రేసుల్లో పెద్ద మార్పు వచ్చింది 2019లో. లాస్ ఏంజెల్స్ దగ్గర శాంటా అనీటా అనే చోట 2018 డిసెంబరు ఆఖరు నుంచి 2019 మార్చి ఆఖరులోపు 23 గుర్రాలు చనిపోయాయి. జనం రోడ్డెక్కారు. అప్పటిదాకా మా సంగతి మేము చూసుకుంటాం అన్నవాళ్ళే ఒక్కసారిగా రూల్స్ మార్చారు. ఆ జూన్‌లో, ప్రమాదం కనిపిస్తే రేసులు వెంటనే ఆపే అధికారం రాష్ట్ర బోర్డుకు ఇచ్చే చట్టం చేశారు. తర్వాత దేశమంతటికీ ఒకే భద్రతా సంస్థ, దాని రూల్స్ 2022 జూలై నుంచి అమలు. 2009లో వెయ్యి గుర్రాలు పరుగెత్తితే రెండు చనిపోయేవి. 2024లో ఆ సంస్థ కింద ఉన్న ట్రాకుల్లో వెయ్యికి ఒకటి కంటే తక్కువ, 0.90. బయటివాడు లెక్క రాయడం మొదలుపెడితే లోపలివాడు కూడా జాగ్రత్తపడతాడని నాకు అనిపిస్తుంది.

సరే, ఇవన్నీ పెద్ద సంగతులు. మా ఇంట్లో సంగతి వేరే.

మూడో రోజు రాత్రి అన్నాల దగ్గర నోరు విప్పాను. "గుర్రం ముందే కుంటింది. నేను చూసిన" అన్నాను. కొడుకు చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. కోడలు "మామయ్యా, మరి చెప్పలేదేం?" అంది. ఏం చెప్పను. "భయమైంది బిడ్డా" అన్నాను. అరవై ఒక్క ఏళ్ళ మనిషిని.

కొడుకు ముఖం వెలిగింది. "ఇది చాలు నాన్నా. కుంటే గుర్రాన్ని పిల్లకిచ్చిండ్రంటే కేసు నిలుస్తది. నువ్వే సాక్షివి" అన్నాడు. సాక్షివి అన్న మాట వినగానే నాకు ఆ మెక్సికో సాయిసు గుర్తొచ్చాడు. కేసు అయితే మొదటి ప్రశ్న ఏమిటి? జీను కట్టినవాడెవడు? గుర్రాన్ని తెచ్చినవాడెవడు? యజమానురాలికి బీమా ఉంది, లాయరు ఉంటాడు. వాడికి ఎవరున్నారు? ఇది రాసుకునేటప్పుడు మీకు నవ్వు రావచ్చు, సొంత మనవరాలి చెయ్యి విరిగితే ఎవడో సాయిసు గురించి ఆలోచిస్తున్నాడేమిటని. కానీ పన్నెండేళ్ళు ఆ చోట నిలబడినవాణ్ణి. కాగితం ఎటు నుంచి రాసినా చివరికి ఎవరి మీద పడుతుందో చూసినవాణ్ణి.

"ఒక్కరోజు ఆగు" అని కొడుకును బతిమాలి, పొద్దున్నే శాలకు తీసుకెళ్ళమన్నాను. సాయిసు పేడ ఎత్తుతున్నాడు. నేను బూడిదరంగు గుర్రం దగ్గరికి వెళ్ళి ఎడమ గిట్ట మీద చెయ్యి పెట్టాను. కాలుతోంది. అతను నన్ను చూశాడు. నేను గిట్ట చూపించాను, తల ఎత్తి దించి చూపించాను. అతను చుట్టూ చూసి, "కోహో" అన్నాడు. స్పానిష్‌లో కుంటి అని. తర్వాత వేళ్ళు చూపించాడు, రెండు. రెండు రోజుల ముందు నుంచీ అని. అతనికీ తెలుసు. కంచె అవతల నేను, ఇవతల అతను, ఇద్దరం చూసి ఇద్దరం నోరు మూసుకున్నాం.

మా అబ్బాయికి కొంచెం స్పానిష్ వచ్చు. అతనితో మెల్లగా మాట్లాడాడు. యజమానురాలికి చెప్పావా అంటే, ఒకసారి చెప్పాను, పిల్లల పాఠాలున్నాయి, నెమ్మదిగా నడిపిస్తే ఏం కాదు అంది, మళ్ళీ చెప్పలేదు అన్నాడు. ఎందుకు చెప్పలేదని మా అబ్బాయి అడగబోతే నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు.

యజమానురాలు వచ్చింది. మా అబ్బాయి కోపంగా మొదలుపెట్టాడు, కానీ నేను చెప్పమన్నట్టే చెప్పాడు. గుర్రం కుంటడం మా నాన్న చూశాడు, మీ పనివాడు మీకు ముందే చెప్పాడు, ఇప్పుడే డాక్టరును పిలిపించండి అన్నాడు. అతని ఉద్యోగం తీసేస్తే మాత్రం మేము కోర్టుకే వస్తాం అని కూడా అన్నాడు. ఆ చివరి మాట నేను చెప్పలేదు, వాడే అన్నాడు. నా కొడుకు అని ఆ క్షణం గర్వంగా అనిపించింది.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అవును, చెప్పాడు" అంది. అబద్ధం ఆడవచ్చు, ఆడలేదు. గుర్రాల డాక్టరు సాయంత్రం వచ్చాడు. గిట్టలో చీము పట్టింది. కోసి తీశాడు. అదొక మామూలు జబ్బు, వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఆ రెండు రోజులు గుర్రాన్ని నిలబెట్టి ఉంటే మా పిల్ల చెయ్యి విరిగేది కాదు.

ఆవిడ పాఠాలు మూడు రోజులు ఆపింది. శాల గోడకు ఒక పలక తగిలించింది. ప్రతి పొద్దున ప్రతి గుర్రాన్ని గట్టి నేల మీద తిన్నగా పరుగెత్తించి చూడాలి. ఎదురుగా సాయిసు సంతకం చేయాలి. అతను వద్దంటే ఆ గుర్రం ఆ రోజు బయటికి రాదు. జరిగింది జరిగినట్టు రిపోర్టు రాసి ఒక కాపీ మాకిచ్చింది. అందులో 'పనివాడు ముందే చెప్పాడు' అన్న మాట ఉందా లేదా అని కోడలితో మూడుసార్లు చదివించుకున్నాను. ఉంది. ఆసుపత్రిలో బీమా పోగా మేము కట్టిన డబ్బు ఆవిడే ఇచ్చింది.

కొడుకు కేసు వేయలేదు. కానీ వాడికి తృప్తి లేదు. "ఆమె మంచిది కాబట్టి సరిపోయింది నాన్నా. మంచిది కాకపోతే? ఒప్పుకోకపోతే? మనం కోర్టు పేరు ఎత్తకపోతే పలక పెట్టేదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నిజమే, వాడి నోట్లో కోర్టు ఉంది కాబట్టే ఆమె వింది కావచ్చు. మా ఇస్తబల్లో మా నోట్లో ఏముంది?

ఈ ఊళ్ళో ఒక పాత చర్చి ఉంది, సెయింట్ రేమండ్స్. ఇప్పుడు మ్యూజియంగా ఉంచారు. 1859లో కట్టారు. కట్టేటప్పుడు టామ్ డాన్లన్ అనే అతను పైనుంచి పడి చనిపోయాడు. పక్కనే ఉన్న స్మశానంలో మొదటి సమాధి అతనిదేనని చెప్పారు. అప్పటికి ఈ రాష్ట్రంలో పనివాళ్ళ పరిహారం చట్టం లేదు. యజమానులు తప్పనిసరిగా పరిహారం ఇవ్వాలన్న చట్టం 1913లో వచ్చింది. తప్పు ఎవరిదని అడగకుండా, పనిలో దెబ్బ తగిలితే మందు ఖర్చు, జీతంలో భాగం ఇవ్వాలి. దానికి బదులుగా వర్కరు యజమాని మీద దావా వేయకూడదు. రెండు వైపులా ఏదో వదులుకున్నారు. ఆ మెక్సికో సాయిసును గుర్రం తన్నితే అతని తప్పా కాదా అని సాక్షులు కాగితం రాయక్కర్లేదు. ఈ సంగతి తెలిసిన రోజు రాత్రి నాకు చాలాసేపు నిద్ర రాలేదు.

తర్వాతి ఆదివారం జగిత్యాలకు ఫోన్ చేశాను. ఆ చెల్లెతో మాట్లాడి పదేళ్ళ పైన అయింది. కొడుకు పెద్దవాడయ్యాడు, మెట్‌పల్లిలో మెకానిక్ పని చేస్తున్నాడట. మాటా మాటా అయ్యాక, "అమ్మా, ఆ రోజు ఫోర్‌మన్ ఒక్కణ్ణే పంపిండు. వాడు ఇంకో మనిషిని ఇయ్యమని అడిగిండు. నేను విన్న" అన్నాను. అవతల చప్పుడు లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"కాయితం నా దగ్గర్నే ఉందన్నా" అంది. "శవం తోటి వచ్చిన కాయితాలల్ల ఉంది. అరబ్బీల ఉంది. ఎవలతోని సదివిస్త."

ఫోటో పంపించింది. మా అబ్బాయి ఆఫీసులో పనిచేసే ఈజిప్టు అతను చదివి చెప్పాడు. ఏడు లైన్లు. మృతుడు నియమానికి విరుద్ధంగా ఒంటరిగా లోపలికి వెళ్ళాడు. వెళ్ళవద్దని సాక్షులు చెప్పినా వినలేదు. కింద నా సంతకం, తెలుగులో, వంకరగా.

వెళ్ళవద్దని నేను చెప్పినట్టు.

ఇప్పుడు చెల్లదని, కోర్టులో ఎప్పుడో గడువు అయిపోయిందని లాయరు చెప్పాడు. అదే ఆమెకు చెప్పాను. జరిగింది జరిగినట్టు తెలుగులో ఇంకో కాగితం రాసి తెచ్చిస్తాను, పైసలు రావు, అయినా రాస్తాను అన్నాను. ఎందుకన్నా ఇప్పుడు అంటుందేమో అనుకున్నాను. "తే అన్నా" అంది. "మా అత్త సచ్చేదాక అదే అన్నది, చెప్పితే ఇనకుంట పోయి సచ్చిండు అని. పిల్లగాడు గూడ అదే నమ్ముతుండు. వానికి సూపిస్త."

రాశాను. రెండు పేజీలు వచ్చింది. వచ్చే నెల ఊరికి వెళ్ళగానే నేనే తీసుకెళ్ళి ఇస్తాను. పాత కాగితం మీద నా సంతకం కింద ఇంకో రెండు ఉన్నాయి. ఒకతను బహ్రెయిన్ పోయాడని, ఇంకొకతను ఇప్పటికీ కువైట్‌లో ఏదో క్యాంపులో ఉన్నాడని విన్నాను. ఈ పేపరు మీ మెస్సులో ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు కదా. తమ్ముడూ, నువ్వెవరో నీకు తెలుసు, నేనెవరో కూడా తెలిసే ఉంటుంది. నా నంబరు పేపరువాళ్ళ దగ్గర ఉంచాను. రెండో పేజీ కింద రెండు సంతకాలకు జాగా వదిలాను.